టికెట్లన్నీ అమ్ముడుపోయిన ఆట

ఇట్ల వచ్చి కూసో బిడ్డా. గోడకు ఆనకు, సున్నం అంటుతది. ముందు సరిగ్గ విను, తర్వాత రాయి. సగం విని సగం రాస్తె మా అన్న పరువు పోతది. నేను మాట్లాడింది మాట్లాడినట్టు గీకకు, పుస్తకంల రాసేటట్టు సాపు చేసి రాయి. మనుషులన్న మాటలు మాత్రం వాళ్ళెట్లన్నరో గట్లనే ఉండాలె. పెన్నుల సిరా ఉన్నదా? ఆఁ, ఇగ రాయి.

ఆ రోజుల్లో ధర అనేది వస్తువు మీద అచ్చేసి ఉండేది కాదు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు కింద చేతులు పెట్టి, ఒకరి వేళ్ళు ఒకరు నొక్కుకుంటే అక్కడ పుట్టేది. చెప్పిన ధరకు నోరు మూసుకుని కొన్నవాడిని మా సూర్యాపేట ధాన్యం బజారులో మనిషిగా లెక్కగట్టేవాళ్ళు కాదు; అలాంటి వాడికి పిల్లనివ్వడానికి కూడా వెనకాడేవాళ్ళు. అలాంటి ఊళ్ళో, అలాంటి బజారులో, మా అన్న బంతాటకు టికెట్టు పెట్టి అమ్మాలనుకున్నాడు. (నవ్వకు. నవ్వితె రాత వంకర పోతది.)

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడాది అది. అంతకు ముందు కొన్నేళ్ళుగా మా ఊరు ఊరులా లేదు. పొద్దు గూకకముందే తలుపులు వేసుకునేవాళ్ళం, దీపం కిటికీకి దూరంగా పెట్టుకునేవాళ్ళం. మా వీధిలో సగం ఇళ్ళకు తాళాలు. కొందరు బెజవాడ వైపు వెళ్ళి ఇక రాలేదు, కొందరు ఎటు పోయారో అడగడానికే భయం. గొడవలు ఆగాయని అందరూ అన్నారు గాని, భయం మాత్రం ఇంట్లో తిష్ఠ వేసిన చుట్టంలా ఉండిపోయింది. పెళ్ళిళ్ళు కూడా మేళం లేకుండా చేసేవాళ్ళు. హైదరాబాదులో కాలేజీ చదువుతున్న మా అన్న, ఆ గొడవల్లో కాలేజీ మూతపడితే ఇంటికి వచ్చాడు. మళ్ళీ తెరిచాక నాయన పంపలేదు. మా నాయన ధాన్యం వ్యాపారి. మిర్యాలగూడలో మా మేనమామతో కలిసి ఒక చిన్న బియ్యం మిల్లు పెట్టాడు. (అప్పటికి సాగర్ కాలువల్లేవు, ఇప్పటి లెక్క బజారుకొక మిల్లు లేదు. మా మిల్లుకు ఒక్కటె ఇంజను, దమ్ము రోగం ఉన్నోని లెక్క దగ్గుకుంట నడిచేది.) అన్నను తీసుకెళ్ళి ఆ మిల్లులో కూర్చోబెట్టాలని నాయన పట్టు.

నాకప్పుడు పదమూడేళ్ళు. మా ఊరి బడిలో ఆడపిల్లలకున్న తరగతులన్నీ అయిపోయాయి. "నేను పట్నం పోతె నిన్ను గూడ తీస్కపోత చెల్లె. గాడ ఆడపిల్లల బడి ఉన్నది, హాస్టల్ ఉన్నది" అని అన్న నాకు మాటిచ్చాడు. కాబట్టి అన్న పట్నం వెళ్ళడమంటే నేనూ వెళ్ళడం. అన్న మిల్లుకు వెళ్ళడమంటే నేను పెళ్ళిపీటల మీదికి వెళ్ళడం. (గిది మంచిగ రాసుకో. కతంత దీని మీదనే ఉన్నది.)

ఒకరోజు అన్నాల దగ్గర అన్న తెగించి చదువు సంగతి ఎత్తాడు. నాయన తలెత్తకుండానే అందుకున్నాడు.

"గాడ ఏం సదివినవ్ రా? సంచిల ఒక బంతి దెచ్చినవ్, గదేనా సదువు?"

"అది బాస్కెట్ బాల్ నాయనా. నేను కాలేజ్ టీమ్ల ఉన్న. మా ఆట సూడనీకి జనం టికెట్ కొనుక్కోని వస్తరు."

నాయన చేతిలో ముద్ద ఆగిపోయింది. "బంతి ఎగరేస్తె పైసలిచ్చి సూస్తరా?"

"సూస్తరు."

"పట్నంల పిచ్చోళ్ళకు కరువా? సూర్యాపేటల ఎవడన్న సూస్తడా?"

"సూస్తరు నాయనా."

"అయితె పిలిపియ్ గాళ్ళను. మన కళ్ళంల ఆడుండ్రి. పైసలు వెట్టి కొనుక్కున్నోళ్ళు కళ్ళం నిండ కూసోని సూస్తె, నువ్వు పట్నం పో, నీ చెల్లెను గూడ తీస్కపో. కూసోలేదనుకో, మిల్లు. ఇగ మాట లేదు."

నేను తలుపు చాటునుంచి విన్నాను. ఆ రోజు అన్నం నాకు పాయసంలా దిగింది.

అన్న కాలేజీకి జాబు రాస్తే వాళ్ళు వస్తామన్నారు. టికెట్లు అచ్చు వేయించే వీలు లేక దళసరి కాగితం ముక్కలు కోశాం. ఒక్కో ముక్క మీద "ఆట, నాలుగణాలు" అని నేను గుండ్రంగా రాస్తే, పక్కన అన్న మా దుకాణం ముద్ర కొట్టాడు. సంగతి తెలిసి నాయన ఉగ్రుడైపోయి, "దుకాణం ముద్ర బంతాటలకా!" అని దాన్ని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఇక కొత్త టికెట్లు పుట్టే దారి లేదు. ఆ ముద్ర సంగతి ఒకటి చెప్పాలి నీకు. బజారులో మా ముద్ర ఉన్న చీటీ అంటే దాని వెనక ఎక్కడో సరుకు ఉన్నట్టే. చేతులు మారినా చెల్లేది. మేం ఆ సంగతి ఆలోచించలేదు. ముద్ర ఉంటే టికెట్టుకు అందంగా ఉంటుందనుకున్నాం.

మొదట పెసర్ల సేటు దగ్గరికి వెళ్ళాం. (పెసర్లమ్మి మేడ కట్టిండు, అందుకే ఆ పేరు.) ఆయన టికెట్టును వెలుతురుకు పట్టి చూశాడు, గోటితో గీకాడు, వాసన కూడా చూశాడు.

"మచ్చు ఏది?" అన్నాడు.

బస్తా కొనేముందు అందులోంచి గుప్పెడు గింజలు తీసి అరచేతిలో పోసి చూపిస్తారు, అదీ మచ్చు. మచ్చు చూడకుండా ఆ బజారులో ఎవరూ ఏదీ కొనరు.

"ఆటకు మచ్చేంది సేటూ?" అన్నాడు అన్న.

"మంచిగున్నదిరా! మచ్చు లేకుంట కొనమంటవా? నీ ఆటల పుచ్చులున్నయో రాళ్ళున్నయో నాకెట్ల ఎర్క?"

అన్నకు రోషం వచ్చింది. ఇంటికి పరుగెత్తి బంతి తెచ్చాడు, అమ్మను అడక్కుండా ఒక వెదురు గంప తెచ్చి దాని అడుగు కోసేశాడు, సేటు దుకాణం ముందున్న గుంజకు ఎత్తుగా కట్టాడు. జనం మూగారు. అన్న బంతి విసిరాడు. అది గంపలో పడి, కిందినుంచి జారి నేల మీదికి వచ్చింది. చప్పట్లకు బదులు అందరి మొహాల్లో బెంగ కనిపించింది.

"అరె, అడుగు లేదు గద! ఏసిన సరుకు ఏసినట్టె కిందవడుతున్నది. గా గంప ఎవడంటగట్టిండు రా నీకు?" అన్నాడు సేటు జాలిగా.

అదే ఆట అని అన్న ఎంత చెప్పినా, గంపలో నిలవని వస్తువును గంపలో వేయడం ఎందుకో వాళ్ళకు బోధపడలేదు. అయినా వేడుకగా ఉందని మళ్ళీ వేయమన్నారు. పక్క దుకాణం ఆయన "సేటుకు సూపెట్టినవ్, మాకు సూపెట్టవా?" అన్నాడు. ఆ పక్కాయన కూడా అదే మాట. గంప ఒక గుంజనుంచి ఇంకో గుంజకు మారుతూ బజారు ఆ చివరిదాకా వెళ్ళింది. అన్న దూరంనుంచి వేశాడు, ఎగిరి వేశాడు, వెనక్కి తిరిగి వేశాడు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. చివర్న నేను టికెట్ల కట్ట విప్పితే, బజారంతా ఒకే జవాబు చెప్పింది.

"సూసినం గద బిడ్డా. మల్ల పైసలిచ్చి సూసుడెందుకు?"

మర్నాడు అన్న ధర తగ్గించాడు. రెండణాలన్నాడు. మా ఇంట్లో పుట్టి, అంత ధాన్యం మధ్య పెరిగి, ఆ పని ఎలా చేశాడో నాకిప్పటికీ అర్థం కాదు. ధర పడుతున్న సరుకును వ్యాపారి చేత్తో కూడా ముట్టుకోడు. బజారులో చుట్ట దలాలి అని ఒకాయన ఉండేవాడు. కొనేవాళ్ళనూ అమ్మేవాళ్ళనూ కలపడం ఆయన పని, ఆ చుట్ట నోట్లోంచి తీయగా ఎవరూ చూడలేదు.

"నిన్న నాలుగణాలంటివి, ఇయ్యాల రెండణాలంటివి. రేపు అణాకొస్తది. ఎల్లుండి నువ్వే ఎదురు పైసలిచ్చి రమ్మంటవ్. గప్పటిదాక ఆగుత తియ్" అన్నాడు పొగలోంచి.

అన్న ఇంటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. "పెట్టె సర్దకు చెల్లె, ఊకె ఆశ" అన్నాడు. నేనప్పటికే సర్దేశాను. మళ్ళీ తీసి మడతలు పెడుతుంటే అమ్మ చూసింది. పొద్దున్నే టికెట్ల కట్ట ఒకటి మూటలో పెట్టుకుని, నన్ను తీసుకుని కోదాడ బస్సెక్కింది. కోదాడలో మా మేనత్త ఉండేది. ఆంధ్ర సరిహద్దు పక్కనే కాబట్టి అక్కడ మాటా వేరే, చలామణీ వేరే. మా దగ్గర నిజాం హాలీ రూపాయి. వాళ్ళ చేతుల్లో ఎక్కువగా ఇంగ్లీషు వాళ్ళ కల్దారు రూపాయి. కల్దారు విలువ హాలీ కంటే ఒక పిసరెక్కువ, దాని గర్వం చాలా ఎక్కువ.

"ఎంతకమ్ముతున్నారే?" అంది అత్త.

"రెండణాలకు అత్తా. కొంటలేరు."

"ఛీ ఛీ, ఆ మాట ఎవరి దగ్గరా అనకు. రెండణాలంటే కోతులాట అనుకుంటారే! దీని మీద నాలుగణాలని రాసుంది కదా? నాలుగణాలే. అదీ కల్దారు."

"మచ్చు అడుగుతరేమో అత్తా."

"అడిగితే నేను చెప్తాగా. నువ్వు నోరు మూసుకుని నా వెనకాల నిలబడు."

అత్త జరీ చీర కట్టుకుని ఇంటింటికీ బయల్దేరింది. "పట్నం కాలేజీ కుర్రాళ్ళండీ. అందరికీ ఇవ్వట్లేదు. మీరు కాబట్టి తెచ్చాను" అనేది. ఒకావిడ "ఏం ఆటండీ?" అని అడిగింది. అత్త ముక్కున వేలేసుకుని, "అది చూడాల్సిందే గాని చెప్తే తెలిసేది కాదండీ" అంది. అత్తకు మాత్రం ఏం తెలుసు! ఒక్కరంటే ఒక్కరు బేరమాడలేదు. బేరమాడితే ఆ ధర పెట్టుకోలేనివాళ్ళం అనుకుంటారని వాళ్ళ భయం. మధ్యాహ్నం కాకముందే కట్ట ఖాళీ.

తిరుగు బస్సులో అమ్మా నేనూ ఈ సంగతే చెప్పుకుని నవ్వుకున్నాం. మునగాల దాటాక వెనక సీట్లోంచి చుట్ట వాసన వచ్చింది. తిరిగి చూస్తే దలాలి. కళ్ళు మూసుకుని ఉన్నాడు, చెవులు మాత్రం తెరిచే ఉన్నాయన్నమాట.

తెల్లారేసరికి బజారంతా ఒకటే మాట: "కోదాడల నాలుగణాలు పలుకుతున్నదట! కల్దార్!" ఎవరూ మచ్చు అడగలేదు. సూర్యాపేటలో కొని కోదాడలో అమ్మొచ్చని పెసర్ల సేటు ఒక కట్ట తీసుకుని ధోవతి ముడిలో దోపాడు. అన్న మళ్ళీ నాలుగణాలన్నాడు. ధర ఎక్కుతోందని ఇంకా ఎగబడ్డారు. మిర్యాలగూడనుంచి మేనమామ మనిషిని పంపాడు, "మిల్లోళ్ళందరు అడుగుతున్నరు, ఎన్నుంటె అన్ని పంపు" అని. మా దగ్గర ఒక్కటి కూడా మిగల్లేదు. ఆ తర్వాత వాళ్ళలో వాళ్ళే తువ్వాలు కింద వేళ్ళు నొక్కుకుంటూ అయిదణాలు చేశారు, ఆరణాలు చేశారు. చుట్ట దలాలి కోదాడ వెళ్ళి, అత్త అమ్మిన టికెట్లనే ఎక్కువ పెట్టి కొనుక్కొచ్చాడు. ఒకరోజు నాయన బజారునుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అమ్మతో, మిరపకాయల సంగతి చెప్పినట్టే చెప్పాడు.

"టికెట్ల రేటు మంచిగ ఎక్కుతున్నది."

"గవి మన పిలగానియే గద" అంది అమ్మ.

"ఎవనియైతె ఏంది? ఎక్కే సరుకు ఇంట్ల లేకుంటె ఎట్ల? దలాలి తాన నేను గూడ జరంత తీస్కున్న."

జరంత అంటే సంచెడు. అన్నా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. టికెట్లన్నీ అయిపోయాయి, చివరికి నాయన కూడా కొన్నాడు, ఇక మా ప్రయాణాన్ని ఎవరాపుతారు? నేను మళ్ళీ పెట్టె సర్దాను. హాస్టల్లో దుప్పటి వాళ్ళిస్తారా మనమే తీసుకెళ్ళాలా అని అడిగి అడిగి అన్న ప్రాణం తీశాను.

ఆట రోజు రానే వచ్చింది. వడ్లు ఆరబోసే మా కళ్ళం చుట్టూ గోడ, ఒకే ద్వారం. కమ్మరితో ఇనప రింగులు చేయించి రెండు పక్కలా గుంజలకు బిగించారు. ఆట గీతలు గీయమంటే అమ్మ ముగ్గుపిండితో గీసి, బోసిగా ఉందని నడిమధ్యలో ఎనిమిది రేకుల పద్మం వేసింది. దాన్ని చెరిపేటప్పుడు అన్నకంటే అమ్మకే ఎక్కువ బాధ. పట్నం పిల్లలు బస్సు దిగారు, పొట్టి లాగులతో; ఆ లాగులు చూసి మా అత్త కోదాడనుంచి అంత దూరం వచ్చినదల్లా గోడవైపు తిరిగి కూర్చుంది. టికెట్లు తీసుకుని చింపడానికి ద్వారం దగ్గర నేను నిలబడ్డాను.

బయట జనం జాతరలా ఉన్నారు. లోపల అమ్మ, అత్త, ఇద్దరు పాలేర్లు.

"లోపటికి రాండ్రి సేటూ, మొదలు వెడుతున్నరు" అన్నాను.

"నేను లోపటికొస్తె నా సరుకెవరమ్ముతరు బిడ్డా? ఏడణాలు! ఏడణాలు!" అని అరిచాడు పెసర్ల సేటు, చేతిలో కట్ట ఊపుతూ.

ఆయన ఎవరికి అమ్మాలనుకున్నాడో ఆ ఎదుటివాడి చేతిలోనూ కట్టే ఉంది. దలాలి దగ్గర కొనుక్కున్న మిర్యాలగూడ మిల్లుల వాళ్ళు బండి మీద నిలబడి ఆరణాలని అరిచారు. చుట్ట దలాలి అందరి మధ్యా తిరుగుతూ, ఎవరి వేళ్ళు పట్టుకున్నా అవి అమ్మేవాడి వేళ్ళే కావడంతో బిక్కమొహం వేశాడు. ఇక టికెట్టు కొనే తాహతు లేని బండివాళ్ళు, కూలీలు రోడ్డుకు అవతల వరసగా కూర్చుని వీళ్ళ గోల చూస్తున్నారు. "గిది మంచిగున్నది, దీనికి టికెట్ లేదు" అని ఒకడంటే మిగతావాళ్ళు విరగబడి నవ్వారు. ఊరు నవ్వడం విని ఎన్నాళ్ళయిందో. నా చేతిలో మాత్రం చింపిన టికెట్టు ఒక్కటి కూడా లేదు.

లోపల విజిల్ మోగింది. పట్నం పిల్లాడొకడు అన్నను అడిగాడు, "పబ్లిక్ ఏది భాయ్?"

"బయట ఉన్నరు" అన్నాడు అన్న.

ఆడారు. ఖాళీ కళ్ళంలో బంతి చప్పుడు గోడకు తగిలి రెండుసార్లు వినిపించేది. అన్న ఊరంతా చూస్తున్నట్టే ఆడాడు బిడ్డా, అదే నేను ఓర్చుకోలేకపోయాను. సగం ఆట అయ్యేసరికి బయట ధర సగానికి పడింది, "సగం ఆటకు నిండు ధర ఎట్లిస్తరు" అని. ఆ తర్వాత అణా. ఆ తర్వాత అరుపులు కూడా ఆగి, ఒక్కొక్కరే కట్టలు సంచిలో వేసుకుని మా నాయనను తిడుతూ వెళ్ళిపోయారు, ముద్ర ఆయనది కాబట్టి. లోపలికి మాత్రం ఎవరూ రాలేదు. కోపమొచ్చిన మనిషి ఆటేం చూస్తాడు?

ఆట చివరికొచ్చింది. నాయన ద్వారం దగ్గరికి వచ్చాడు. చంకలో టికెట్ల సంచి అలాగే ఉంది. దాన్లోంచి ఒకటి తీసి నాకిచ్చాడు. నేను చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

"సింపు" అన్నాడు. "నియమం నియమమే గద."

చింపాను. నాయన వెళ్ళి ముగ్గు గీత పక్కన నిలబడ్డాడు. అప్పుడే అన్న చాలా దూరంనుంచి బంతి విసిరాడు. అది రింగును ముట్టుకోకుండా దిగింది. నాయన కాసేపు ఆ రింగువైపే చూశాడు. విజిల్ మోగింది, పిల్లలంతా చేతులు కలుపుకున్నారు, అన్న చెమట తుడుచుకుంటూ నాయన ముందుకు వచ్చాడు.

"మంచిగనే ఆడుతవ్ రా" అన్నాడు నాయన మెల్లగా. "నాలుగణాలకు తగ్గ సరుకే. ఉత్తగ అంటలేను." చంకలో సంచి సర్దుకుంటూ అన్నాడు, "కాని కొనుక్కోని సూసింది నేనొక్కన్నే గద."

"అవు నాయనా."

"పొద్దుగాల మిర్యాలగూడ పోదాం."

అన్న ఎదురు చెప్పలేదు. చెప్తే బాగుండేదని నేను చాలా ఏళ్ళు కోపంగా ఉన్నాను. ఆ రాత్రికి పట్నం పిల్లలకు అమ్మ సకినాలు మూటగట్టి ఇచ్చింది. వాళ్ళు బస్సు కిటికీలోంచి చేతులూపారు. అన్న ఒక్కడే తిరిగి ఊపాడు. ఆ వేసవిలోనే నా పెళ్ళయింది. మీ తాత మంచివాడే, పాపం, ఆయన గురించి ఏమీ అనను. అన్న మిల్లులోనే ముసలివాడయ్యాడు, అక్కడే పోయాడు. మేమిద్దరం ఎన్ని సంగతులు మాట్లాడుకున్నామో గాని, ఆ రోజు మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మొన్న నా కంటి ఆపరేషన్‌కు మీ అమ్మ నన్ను హైదరాబాదు తీసుకెళ్ళింది చూడు, అప్పుడు దవాఖాననుంచి వస్తుంటే కారు ఒక కాలేజీ ముందు ఆగింది. గేటు తెరిచి ఉంది. లోపల బాస్కెట్ బాల్ ఆడుతున్నారు. ఆడపిల్లలు! జడలు ఎగురుతూ ఆడుతున్నారు. "జర ఆపుండ్రి" అని దిగాను. మీ అమ్మ అరుస్తూనే ఉంది. నల్లద్దాలు పెట్టుకుని, ఒక కంటికి గుడ్డతో, తడుముకుంటూ లోపలికి వెళ్ళి, నీళ్ళు తాగుతున్న ఒక పిల్లను "టికెట్ ఎంత బిడ్డా?" అని అడిగాను. ఆ పిల్ల నవ్వింది.

"టికెట్ లేదు అమ్మమ్మా. ఊకెనే కూసొని సూడుండ్రి."

ఊరికే అనేసరికి నాకెందుకో చిన్నతనమనిపించి, ఎంతో కొంత తీసుకోమని కొంగు ముడి విప్పబోయాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని సిమెంటు మెట్ల మీద కూర్చోబెట్టింది. బంతి రింగులో పడినప్పుడల్లా నేను చప్పట్లు కొట్టాను, ఒక్క కంటితో అందరికంటే ముందే చూసి. కాసేపటికి ఆ పిల్ల వచ్చి నా పక్కన కూలబడింది.

"ఆట మంచిగ తెలుసు మీకు! ఏ కాలేజీల సదివిండ్రు అమ్మమ్మా?" అంది.

నాకు నవ్వొచ్చింది. నల్లద్దాల కింద ఉన్న కంట్లో నీళ్ళు రాకూడదని డాక్టరు చెప్పాడు కాబట్టి నవ్వే వచ్చింది. నిజం చెప్పాలా, ఇంకోటి చెప్పాలా అని ఆ పిల్ల మొహం చూశాను. చివరికి ఏం చెప్పానంటే, బిడ్డా, నేను ఆ పిల్లతోని...

ఆగు, మీ అమ్మ పిలుస్తున్నది. ఏందే? వడ్డిచ్చిండ్రా? ఆఁ, వస్తున్న, వస్తున్న.